కుట్టు మిషన్ల గురించి అడిగిన ప్రశ్న

ఒక చిన్న మాటను ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నేను అన్న మాటే. అది నన్నేమీ మంచాన పడేయలేదు. కోర్టుకు పోతూనే ఉన్నాను, గెలుస్తూనే ఉన్నాను. కానీ బరువు బరువే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే జాలిపడతారు, లేదంటే వకీళ్ల బార్ హాల్లో చాయ్ తాగుతూ చెప్పుకుంటారు. నాకు రెండూ అక్కర్లేదు.

నేను జనగామలో వకీలును. ఐపీ కేసులు చూస్తాను. అప్పులు తీర్చలేని మనిషి, నా వల్ల కాదు, నేను దివాలా తీశాను అని కోర్టులో పెట్టుకునే పిటిషన్‌ను మా దగ్గర ఐపీ అంటారు. ఫలానా ఆయన ఐపీ పెట్టిండట అన్న మాట వినపడితే అప్పిచ్చినవాళ్లకు ఆ పూట అన్నం సహించదు. నేనెప్పుడూ ఆ అప్పిచ్చినవాళ్ల పక్షమే. అందుకు సిగ్గుపడను. ఆడమనిషికి సివిల్ ఫైలు ఎవరిస్తారని నవ్విన ఊళ్లో నన్ను మొదట నమ్మింది ఒక బట్టల సేటు. ఆయన వెనకే మిగతా దుకాణాలవాళ్లు వచ్చారు. నా ఇల్లు, నా పేరు ఆ నమ్మకం మీద నిలబడ్డవే.

పేరు వచ్చాక పాఠాలు చెప్పమని పిలవడం మొదలుపెట్టారు. చట్టాలు మారుతుంటాయి, వకీళ్లు చదువుకుంటూనే ఉండాలి. ఒక ఆదివారం మహబూబాబాద్‌లో చుట్టుపక్కల జిల్లాల జూనియర్లకు దివాలా చట్టం మీద తరగతి పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీల సంగతి చూసే చట్టం వేరే. మా కోర్టు మెట్లెక్కే మామూలు మనుషులకు ఇంకా పాత చట్టమే దిక్కు. అదే చెప్పాను. బాగా చెప్పాను కూడా. ఆ సంగతి ఎవరూ కాదనలేరు.

చివర్లో వెనక వరుసలో ఒక కుర్రవాడు లేచాడు. పేరు శ్రవణ్, భూపాలపల్లిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టాడు.

"మేడం, ఒక టైలర్ ఐపీ పెట్టిండనుకోండి. గాయన కుట్టుమిషన్లు గూడ గుంజుకపోతరా?"

ఆ టైలర్ ఎవరో నాకు వెంటనే తెలిసిపోయింది. సదయ్య. యూనిఫాంలు కుట్టడానికి మా సేటు దగ్గర బట్ట అప్పుకు తెచ్చి, కట్టలేక, ఈ శ్రవణ్‌నే వకీలుగా పెట్టుకుని భూపాలపల్లి కోర్టులో ఐపీ పెట్టాడు. సేటు ఆ ఫైలు అప్పుడే నా చేతికిచ్చాడు. నేనింకా కోర్టులో హాజరు కాలేదు. తన కేసులో ఎదుటి వకీలును నేనేనని శ్రవణ్‌కు తెలియదు.

జవాబు కూడా నాకు తెలుసు. చేతిపనితో బతికేవాడి పనిముట్లను ముట్టుకోవద్దని చట్టం చెబుతుంది. దివాలా తీసినా సరే.

"అన్నీ పోతయి తమ్మీ," అన్నాను. "ఐపీ అంటే ఉన్నదంత కోర్టు చేతుల పెట్టుడే. ఒంటి మీది బట్టలు తప్ప ఏం మిగలదు."

"మిషన్లు సుత పోతయా?"

"అవి సుత."

తల ఊపి కూర్చున్నాడు. అతనితోపాటు గదిలో ఉన్నవాళ్లంతా నమ్మారు.

ఎందుకన్నాను? నేను సదయ్య వకీలును కాను. నా సేటుకు నష్టం తెచ్చే మాట నా నోటితో నేనెందుకు చెప్పాలి? ఇప్పటికీ నేనిలాగే వాదిస్తాను. కానీ ఇంకో దారి ఉండింది. ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పకూడదు అని ఊరుకోవచ్చు. అలా అంటే అతనికి అనుమానం వచ్చి పుస్తకం తెరిచేవాడు. తెరుస్తాడని తెలిసే అనలేదు. అయినా అతను తెరవకపోవడం నా తప్పా? చట్టం పుస్తకం అతని సంచిలోనే ఉంది కదా? మాలో సీనియర్ నోటి మాట పుస్తకం కన్నా పెద్దది. ఆ అలవాటు నేను పెట్టింది కాదు. వాడుకున్నాను, అంతే.

కోర్టులో శ్రవణ్ అభ్యంతరం చెప్పలేదు. అడగనిది ఎవరూ ఇవ్వరు. సదయ్య మిషన్, పక్కనే అతని భార్య కుట్టే మిషన్, రెండూ తీసుకుపోయి అమ్మేశారు. అందులో సేటు వాటాకు వచ్చింది చెబితే నవ్వుతారు. ఆమె పత్తి ఏరడానికి కూలికి పోయింది. తర్వాతెప్పుడో భూపాలపల్లిలో సదయ్య కనబడ్డాడు. వేరేవాళ్ల దుకాణంలో, వేరేవాళ్ల మిషన్ మీద కూలికి కుడుతున్నాడు. నన్ను గుర్తుపట్టి నమస్తే పెట్టాడు. నేను తడబడ్డానేమో, తనే నాకు ధైర్యం చెప్పాడు.

"చట్టం అట్లున్నది మేడం. మీరేం జేస్తరు."

నాకు కోపం వచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

అయినా ఇది రాసేదాన్ని కాదు. సేటు కోసం చేశాను అని ఎన్నేళ్లయినా చెప్పుకోగలను. ఈ మధ్య మహబూబాబాద్‌లో మళ్లీ తరగతి జరిగింది. పెద్దదాన్నని నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. పాఠం చెప్పింది శ్రవణ్. జుట్టు నెరిసింది, మంచి పేరు తెచ్చుకున్నాడు. ఒక అమ్మాయి లేచి, చెప్పులు కుట్టుకునే ఆయన ఐపీ పెడితే పనిముట్లు పోతాయా అని అడిగింది. ఒంటి మీది బట్టలు తప్ప ఏం మిగలదన్నాడు శ్రవణ్. అచ్చం నా మాటే. మా మేడమే నేర్పిండ్రు అంటూ నా వైపు చూశాడు. ఆ అమ్మాయి కూడా చూసింది.

నేను తల ఊపాను.

సేటు దుకాణం ఎత్తేసి చాలా కాలమైంది. ఆ గదిలో నా క్లయింటు ఎవరూ లేరు. మరి ఎవరి కోసం ఊపాను? ఇన్నేళ్లలో నా మాట నమ్మి ఎంతమంది వకీళ్లు నోరు మూసుకున్నారో, ఎన్ని ఇళ్లలోంచి ఏమేం పోయాయో నాకు తెలియదు. లెక్క తీయను. ఏడవను కూడా. మీ క్షమతో నాకు పని లేదు, దాచుకోండి. నాకు కావలసింది నా నోట్లో ఉండిపోయిన జవాబును బయట పెట్టడం.

అమ్మా, నీ పేరు అడగలేదు. చెప్పులు కుట్టేవాడి ఆర, మంగలి కత్తి, వడ్రంగి ఉలి, టైలర్ మిషన్, ఏవీ పోవు. లేచి అడుగు, కోర్టు ఇస్తుంది. ఎవరు నేర్పారంటే నా పేరు మాత్రం చెప్పకు.

చట్టం అట్ల లేదు, సదయ్యా. అట్ల ఉందని చెప్పింది నేను.