ఇనప మంచం ఎక్కడ?

మా మామయ్య అబద్ధాలకోరు అంటే నేను ఒప్పుకోను. వయసు అడిగితే నిజం చెబుతాడు. పక్కింటాయన పాట ఎలా ఉందని అడిగితే అడిగినదానికంటే ఎక్కువ నిజం చెబుతాడు. ‘ఎక్కడ?’ అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం ఆయన నోట నిజం వచ్చిన పాపాన పోలేదు.

ఇది ఆయన వృత్తి అంటించిన జబ్బు. మామయ్యకు ఒక వేట పడవ ఉంది. చలికాలంలో చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, ఎండలు ముదిరితే లోతు నీళ్లలోకి పోతుంది. ఆ మధ్యలో అది ఎప్పుడు ఎటు ఉందో తెలిసినవాడే మొనగాడు. రేవులో యాభై పడవలున్నాయి, యాభై మందిదీ ఒకటే ప్రశ్న: “ఎక్కడ?” నిజం చెప్పిన అమాయకుడికి మర్నాడు ఆ చోట చేపలకు బదులు నలభై తొమ్మిది పడవలు కనిపిస్తాయి. అందుకని అందరూ కాస్తో కూస్తో బొంకుతారు. మామయ్య మాత్రం ఆ విద్యను శ్రద్ధగా, ఆదివారాలు కూడా మానకుండా సాధన చేశాడు.

నేను రేవు పక్కనే మంచు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. లోతుకు పోయే పడవ ఆరు మంచు దిమ్మలు ఎక్కించుకుంటుంది, దగ్గరి వేటకు ఒక్క దిమ్మ చాలు. అంటే మంచు చూసి మనిషి ఎటు పోతున్నాడో చెప్పేయొచ్చు. ఈ రహస్యం తెలిసిన రోజు నుంచి మామయ్య దగ్గరి వేటకు ఆరు దిమ్మలు ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

“కరిగిపోతుంది కదా మామయ్యా, దండగ!” అన్నాను.

“మంచు కరిగితే కరిగింది. గుట్టు కరక్కూడదురా!” అన్నాడు.

అలవాటు రేవు దాటి వీధిలోకీ వచ్చింది. ఒకసారి ఎవరో ముసలావిడ “పోస్టాఫీసు ఎక్కడ నాయనా?” అని అడిగింది. మామయ్య చెయ్యి దానంతటదే ఎడమవైపు చూపించేసింది. ఆవిడ నాలుగడుగులు వేసిందో లేదో ఈయనకు ప్రాణం ఒప్పలేదు. పరుగెత్తి, ఆవిడ సంచీ అందుకుని, చెయ్యి పట్టుకుని కుడివైపున్న పోస్టాఫీసు మెట్ల దాకా దిగబెట్టి వచ్చాడు. నోటితో మాత్రం నిజం చెప్పలేదు.

ఇంట్లో అత్తయ్య పడ్డ పాట్లు పగవాళ్లకు కూడా వద్దు. కత్తెర అల్మరాలో ఉందంటే మంచం కింద వెతుక్కోవాలి, గొడుగు తలుపు వెనక ఉందంటే అసలు ఇంట్లోనే లేదని అర్థం. కిందటేడు ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప మంచమే మాయమైంది.

“ఏమండీ, నా మంచం ఎక్కడ?”

“రంగు వేయడానికి ఇచ్చాను.”

అత్తయ్య ఊళ్లో రంగుల కొట్లన్నీ తిరిగింది. ఎవరూ మంచం మొహం చూడలేదన్నారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నంతో పాటు ఇనప మంచం కూడా రోజూ వడ్డించేవారు.

రేవులో మామయ్యను కుక్క తోకలా వెంబడించేవాడు ఒకడే, టోపీ తాత. మామయ్యకు వేట నేర్పిన గురువు ఆయనే, మామయ్య ఆయన్ను ‘బాబాయ్’ అంటాడు. ‘ఎక్కడ అని అడిగితే నిజం చెప్పకు’ అన్న మొదటి పాఠం చెప్పిందీ ఆయనే. శిష్యుడు తనను మించిపోయాడన్న దుగ్ధతో తాత ఒక సూత్రం కనిపెట్టాడు: వాడు లోతు అంటే దగ్గర, దగ్గర అంటే లోతు. రోజూ పొద్దున్నే వచ్చి అడిగేవాడు, విన్నదానికి తలకిందులుగా పోయేవాడు, సాయంత్రం చేపలు చూపించి వెక్కిరించేవాడు.

“నన్ను బోల్తా కొట్టించేవాడు ఇంకా పుట్టలేదురా!” అనేవాడు. మామయ్య ఉడుక్కున్నట్టు మొహం పెట్టేవాడు.

తాతకు ఉన్నదల్లా చూపు సమస్య. ఒకరోజు మంచు ఫ్యాక్టరీ కొక్కేనికి వేలాడుతున్న నా కోటును పలకరించి, అది బదులివ్వలేదని అలిగి వెళ్లిపోయాడు. ఇంకోరోజు తన పడవ అనుకుని పక్కవాడి పడవెక్కి, ఇంజను మొరాయిస్తోందని దాన్ని గంటసేపు తిట్టాడు. ఈ సంగతి కొడుకుల చెవిన పడింది. “ఇంకొక్క పొరపాటు చేశావంటే పడవ అమ్మేస్తాం నాన్నా” అని తేల్చి చెప్పారు. ఆ పడవ తప్ప తాతకు వేరే లోకం లేదు.

ఇలా ఉండగా ఎండాకాలం మధ్యలో మామయ్యకు పన్ను నొప్పి పట్టుకుంది. పళ్ల డాక్టరు చిన్న అద్దం నోట్లో పెట్టి మర్యాదగా అడిగాడు: “ఎక్కడండీ నొప్పి?”

ఇంకేముంది! మామయ్య ఎడమవైపు చూపించాడు. డాక్టరు ఎడమవైపున్న గుండ్రాయి లాంటి పన్ను పీకాడు. కుడివైపు పన్ను మాత్రం నిక్షేపంలా నొప్పెడుతూనే ఉంది.

అత్తయ్య సహనం ఆ పన్నుతో పాటే ఊడింది. “ఇకమీద ఎవరు ఎక్కడ అని అడిగినా నిజమే చెప్పాలి. చెప్పకపోతే నా మీద ఒట్టు!” అంది.

మామయ్యకు అత్తయ్యంటే ప్రేమ. భయం కూడా, దాని పాలు కాస్త ఎక్కువ. ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బుగ్గ బూరెలా ఉబ్బించుకుని రేవుకు వచ్చాడు. టోపీ తాత ఎదురొచ్చాడు.

“ఏరా, చేప ఎక్కడుంది? దగ్గరా, లోతా?”

మామయ్య నోరు తెరిచాడు, మూశాడు. ఆకాశం కేసి చూశాడు. నా కేసి చూశాడు. నేనాయన్ను అంత నిస్సహాయంగా ఎప్పుడూ చూడలేదు.

“ఓహో! అబద్ధం కూడా చెప్పలేకపోతున్నాడంటే లోతులో లంకెబిందెలు దొరికాయన్నమాట!” అని తాత నా వైపు తిరిగాడు. “అబ్బాయ్, ఆరు దిమ్మలు ఎక్కించు!”

మామయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నా దగ్గరకొచ్చి, “ఒరేయ్, మంచు గది తాళంచెవి ఇంట్లో మరిచిపోయావు కదూ?” అన్నాడు.

“జేబులోనే ఉంది మామయ్యా.”

నా కాలి వేళ్ల మీద ఆయన బరువంతా పడింది.

“మరిచిపోయాను!” అని అరిచాను.

ఇద్దరం మామయ్య ఇంటికి పరుగెత్తాం. అత్తయ్య గిన్నెలు తోముతోంది.

“ఏమే, ఒక్కటంటే ఒక్క అబద్ధానికి సెలవివ్వు,” అన్నాడు మామయ్య రొప్పుతూ.

“పన్ను పీకి ఒక్కరోజు కాలేదు! అప్పుడేనా?”

“నా కోసం కాదే. బాబాయి లోతుకు పోతానంటున్నాడు. పెద్ద ఓడలు తిరిగే దారి అది. ఆయనకు చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. రెండేళ్లుగా ఎండాకాలమంతా ‘లోతుకు పో బాబాయ్’ అని రోజూ చెబుతున్నాను. నన్ను ఓడిస్తున్నాననుకుని పాపం దగ్గరే ఉంటున్నాడు.”

“ఆ నిజమే చెప్పొచ్చుగా?”

“నిజం చెబితే దానికీ తలకిందులే చేస్తాడు. నీకు చూపు లేదు, ఒడ్డున ఉండు అంటే అసలు ఆగడు. కొడుకులకు చెబితే పడవ అమ్మేస్తారు. పడవ పోతే మనిషి దక్కడే!”

అత్తయ్య చేతిలో గిన్నె ఆగింది. ఆవిడ తెలివి తక్కువదేం కాదు. “ఎండాకాలం చేపలన్నీ లోతుకు పోతాయంటారుగా. మరి ఆయనకు దగ్గర్లో చేపలు ఎక్కడివి?”

ఎక్కడ! మామయ్య గుటక మింగాడు. ఒట్టు ఇంకా నెత్తిమీదే ఉంది.

“నీ మంచంలో,” అన్నాడు.

“ఏమిటీ?”

“నీ ఇనప మంచం, పగిలిన సిమెంటు గొట్టాలు, పాత టైర్లు అన్నీ కట్టి రేవు గోడ అవతల ముంచాను. నీడా, దాక్కునే చోటూ దొరికితే చేపలు ఎండాకాలం కూడా అక్కడే కాపురం పెడతాయి. బాబాయి వల వేసేది వాటి పక్కనే.”

పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మామయ్య ‘ఎక్కడ’కు నిజం చెప్పడం అదే మొదటిసారి. చెప్పిన అబద్ధాలన్నిటికంటే అదే నమ్మశక్యం కానట్టుంది. నాకైతే ఇన్నాళ్లూ ఈయన్ను చూసి నవ్విన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను,” అంది అత్తయ్య చేతులు కడుక్కుంటూ. “వెళ్లండి. కడుపారా అబద్ధమాడి రండి.”

మామయ్య రేవులోకి పెళ్లికొడుకులా నడిచి వచ్చాడు. “బాబాయ్! లోతుకే పో. దగ్గర్లో రొయ్యపిల్ల కూడా లేదు. నా మాట నమ్ము!”

తాత మొహం వెలిగిపోయింది. “అలా రా దారికి! అబ్బాయ్, ఒక్క దిమ్మ చాలు!”

మధ్యాహ్నానికి తాత పడవ తిరిగొచ్చింది. అర చెయ్యి పొడుగున్న పండుగప్ప చేపలు ఆరు! అందులో పెద్దదాన్ని పైకెత్తి పట్టుకుని గట్టుమీదున్న దీపస్తంభం ఎదుట నిలబడి తాత గర్జించాడు: “చూశావురా! లోతుకు పొమ్మంటావా నన్ను? ఇప్పుడేమంటావు?”

గట్టు మీద తాత కొడుకు నిలబడి ఉన్నాడు. ఇది కంటపడితే పడవ అమ్మకమే. పది గజాల దూరంలో ఉన్న మామయ్య చప్పుడు చేయకుండా వచ్చి స్తంభానికీ తాతకూ మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు.

“ఓడిపోయాను బాబాయ్,” అన్నాడు తల వంచుకుని.

“ఇదిగో, ఇది మీ ఆవిడకివ్వు. నీలాంటి అబద్ధాలకోరుతో కాపురం చేస్తున్నందుకు!” అని తాత ఆ చేప మామయ్య చేతిలో పెట్టాడు.

అత్తయ్య చేప అందుకుని, “నా మంచం అద్దె వచ్చిందన్నమాట,” అంది. మర్నాడు పళ్ల డాక్టరు దగ్గర మామయ్య మళ్లీ ఎడమవైపే చూపించాడు. “కుడివైపు పీకండి డాక్టరుగారూ,” అంది అత్తయ్య, ఆయన నోటికేసి కూడా చూడకుండా.

వారం తర్వాత నేను వాళ్లింటికి వెళ్లేసరికి పక్కింటావిడ ముందుగది గుమ్మంలో నిలబడి వింతగా చూస్తోంది. గోడవారన ఇనప బీరువా ఉండాల్సిన చోట నాలుగు కాళ్ల మచ్చలు మాత్రం ఉన్నాయి.

“అదేంటి వదినగారూ, మీ బీరువా ఎక్కడ?”

అత్తయ్య కన్నైనా ఆర్పలేదు.

“రంగు వేయడానికి ఇచ్చామండీ,” అంది.