ఛాయాదేవి నడుముకి సరిపడే తుపాకీ

ఛాయాదేవి ఏదైనా కొనడానికి తటపటాయించగా నేనెప్పుడూ చూడలేదు. అమెరికాలో, మోరిస్‌విల్‌లో ఇల్లు కొన్నప్పుడు వంటింట్లోకి పొద్దుటి ఎండ వస్తుందో లేదో చూసి సరే అనేసింది. చీరల షాపుకి వెళితే మేమంతా ఇంకా కుర్చీలు వెతుక్కుంటూ ఉండగానే ఆవిడ బిల్లు కట్టేసి బయట నిలబడి కాఫీ తాగుతూ ఉంటుంది. అలాంటి మనిషి పోయిన చలికాలమంతా ఒక చిన్న తుపాకీ కొనలేక కొట్టుమిట్టాడింది. తోడుగా నన్ను కూడా తిప్పింది. ఎందుకు తేల్చుకోలేకపోతోందో అర్థం కాక నాకు పిచ్చెక్కినంత పనైంది.

ఆవిడది తెనాలి. తోడబుట్టకపోయినా నన్ను అక్కా అనే పిలుస్తుంది. భర్త సూర్యప్రకాశ్ ఇక్కడి పరిశోధన సంస్థలో ఇంజినీరు. కొడుకు దేవ్ ఉద్యోగానికి రెడ్‌మండ్ వెళ్ళాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం చేతకాక పచారీ కొట్టు పెట్టింది. ముందంతా బియ్యం, పప్పులు, కూరగాయలు. వెనక మూల వేడివేడి కూరలు. చుట్టుపక్కల యూనివర్సిటీల్లో చదువుకునే మన పిల్లలందరూ అక్కడికే వస్తారు. గుత్తివంకాయ ఉందా అని ఎవడైనా దీనంగా అడిగితే చాలు, ఆవిడ చెయ్యి ఆగదు, డబ్బా మూత పట్టదు. ఇలాగైతే కొట్టు మూసుకోవాల్సిందేనని నేను మందలిస్తే నవ్వేసేది.

నవంబరులో ఒక సాయంత్రం కొట్టుకి తాళం వేసి కారు దగ్గరికి వెళుతుంటే ఎవడో కత్తి చూపించి చేతిసంచి లాక్కుపోయాడు. ఫోన్ చేస్తే పరిగెత్తాను. దెబ్బలేమీ తగల్లేదు. పోలీసులు వివరాలడిగితే మొహానికి మాస్క్ ఉందనీ, తల మీదికి హుడీ లాక్కున్నాడనీ, ఇంకేమీ గుర్తు లేదనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు.

ఆ మర్నాటి నుంచీ సూర్యప్రకాశ్ తుపాకీ కొనాల్సిందేనని పట్టుబట్టాడు. నాకు తుపాకులంటే గిట్టదు. ఆ మాట మొహం మీదే చెప్పాను. "కొట్టు మానేసి ఇంట్లో కూర్చోమంటే మీ చెల్లెలు వింటుందాండీ?" అని అడిగాడు. వినదు.

హైవే పక్కన, గోళ్ళకి రంగులేసే సెలూన్‌కి ఆనుకుని ఒక తుపాకుల షాపుంది. అక్కడి తెల్లగడ్డం పెద్దాయనకి ఎంత ఓపికంటే, అందులో సగం నాకుంటే నా కాపురం ఇంకోలా ఉండేది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కడ పెట్టుకుంటావమ్మా అని. చేతిసంచిలో అంది ఛాయ. ఆయన తల అడ్డంగా ఊపాడు. దొంగ ముందు పట్టుకునేది సంచినే, తుపాకీ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టినట్టవుతుంది, ఒంటి మీదే ఉండాలి, బయటికి కనబడకూడదు అన్నాడు. ఒంటి మీదంటే నడుముకి. నడుముకంటే బెల్టు కావాలి. మన లెగ్గింగ్స్‌కి బెల్టెక్కడిది? చుడీదార్‌కి ఉండేది బొందు. ఆ బరువు కడితే అది ఎక్కడికి జారుతుందో చెప్పక్కర్లేదు. పొట్టకి చుట్టుకునే వెడల్పాటి పట్టీ ఒకటి ఆయన తెచ్చి చూపించాడు. శుక్రవారాలు చీర కడతానంది ఛాయ. చీరంటే ఏమిటో ఫోన్‌లో ఫొటో చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఈ ప్రశ్న తననెవరూ అడగలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత అసలు గందరగోళం మొదలైంది. సన్నటి పిస్టల్ ఒకటి చేతిలో పెట్టాడు. మందం బిస్కెట్ ప్యాకెట్టంత కూడా లేదు. కుర్తా కింద పెట్టుకుంటే ఉందో లేదో నాకే తెలియలేదు. తీసుకో అన్నాను. అయితే తుపాకీ ఎంత చిన్నదైతే పేల్చినప్పుడు చేతిని అంత గట్టిగా వెనక్కి తంతుందట. పెద్దది అంతగా తన్నదు కానీ బట్టల్లోంచి ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఒకదానికి పిడి పొట్టి, చిటికెన వేలు గాలిలో వేలాడుతోంది. ఇంకోదానికి తూటా ఎక్కించడానికి పైభాగాన్ని వెనక్కి లాగాలంటే బిగుసుకుపోయిన సీసా మూతతో కుస్తీ పట్టినట్టే. వేరేదానికి పక్కన మీట ఉంది, అది నొక్కితే గాని పేలదు. అది ఉంటేనే క్షేమమని ఒకరు, గాభరాలో నొక్కడం మరిచిపోతే నీ పని అయిపోయినట్టేనని ఇంకొకరు. గుడిలో కలిసిన ప్రతి మగవాడికీ ఒక అభిప్రాయం ఉంది. కొబ్బరికాయ కొట్టడం రానివాళ్ళు కూడా తూటాల గురించి ఉపన్యాసాలిచ్చారు. సూర్యప్రకాశ్ భోజనాల దగ్గర సాంబారు పోసుకుంటూ తుపాకుల వీడియోలు పెట్టేవాడు. రెడ్‌మండ్ నుంచి దేవ్ అసలు గన్నే వద్దని పోట్లాడేవాడు.

శనివారం వస్తే చాలు, ఆ షాపుకి ప్రయాణం. ఛాయ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకునేది. పెద్దాయన చెప్పినట్టు గోడ మీద గీసిన గుండ్రం వైపు గురి పెట్టేది. కాసేపలా ఉండి, బరువుగా ఉందనో, చేతికి పట్టట్లేదనో వంక పెట్టి కింద పెట్టేసేది. పోయిన వారం బరువన్నదే ఈ వారం మరీ తేలికట. నాకు ఒళ్ళు మండేది. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని వంకలు పెట్టి ఉండవు కదే అని దెప్పాను. నవ్వలేదు. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది, దీని బాధ తుపాకీతో కాదు, ఇంకేదో ఉందని.

బట్టల మాటున తుపాకీ పెట్టుకు తిరగాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్‌కి ఒక రోజు క్లాసు. తోడు కోసం నేనూ ఫీజు కట్టాను. పొద్దున చట్టం గురించి చెప్పారు. ఎప్పుడు కాల్చవచ్చో, ఎప్పుడు కూడదో వింటుంటే, కాల్చకుండా ఇంటికి పోవడమే తేలిక అనిపించింది. తర్వాత కాల్పుల గదిలో చెవులకి డిప్పలు పెట్టి నిలబెట్టారు. ఎదురుగా కాగితం మీద మనిషి ఆకారం. నేను కాలిస్తే పక్కవాళ్ళ కాగితానికి చిల్లు పడింది. ఛాయ ఆ సన్నటి పిస్టలే అద్దెకి తీసుకుంది. చెయ్యి నిలకడగానే ఉంది కానీ కాల్చదు. నేర్పే ఆవిడ పూర్వం పోలీసు ఉద్యోగం చేసింది. దగ్గరికొచ్చి, నీ సంచి లాక్కున్నవాడు అక్కడ నిలబడ్డాడనుకో అంది, ధైర్యం రావాలని. ఛాయ పిస్టల్ బల్ల మీద జాగ్రత్తగా పెట్టేసి బయటికి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాను. కార్లో కూర్చుని ఉంది. తెచ్చుకున్న పులిహోర డబ్బా ఒళ్ళో ఉంది, మూత తియ్యలేదు.

"వాడు తెలుగువాడక్కా" అంది.

ఎవడని అడిగాను. నిజంగానే నాకు వెంటనే తట్టలేదు.

"బ్యాగ్ పట్టుకుపోయినవాడు. 'ఆంటీ, బ్యాగ్ ఇచ్చెయ్యండి, ప్లీజ్' అన్నాడు. నాకంటే వాడికే భయంగా ఉంది."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని, పోలీసులకి ఎందుకు చెప్పలేదని నోటికొచ్చినట్టు తిట్టాను. అంతా విన్నాక నెమ్మదిగా చెప్పింది. చెబితే మన పిల్లలందరినీ వరసగా నిలబెట్టి అడుగుతారు. వీసా మీద ఉన్నవాళ్ళు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా గజగజలాడిపోతారు. ఉద్యోగం దొరక్క, అద్దె కట్టలేక ఎవడో ఒక్కడు చేసినదానికి అందరూ నలిగిపోతారు. చెప్పకపోతే రేపు వాడు ఇంకొకరి మీదికి వెళ్ళవచ్చు. ఏది తప్పో తనకి తెలియడం లేదంది. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

"ఏ గన్ పట్టుకున్నా ఎదురుగా వాడే నిలబడుతున్నాడక్కా. మొహం తెలిస్తే ఒక్కడే ఉండేవాడు. తెలీదు కదా, కొట్టుకొచ్చే పిల్లలందరి మొహాలూ వాడికి పెట్టి చూస్తున్నాను."

అయితే మానెయ్, ఇంటికి పోదాం అన్నాను. వాడు మళ్ళీ రాడని నాకెవరు చెబుతారు అని, డబ్బా నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం కాగితం మనిషి గుండె దగ్గర చిల్లులన్నీ ఒక్కచోటే పడ్డాయి. నేర్పే ఆవిడ భుజం తట్టింది. ఛాయ మొహంలో సంతోషం లేదు. మర్నాడు అదే సన్నటి పిస్టల్ కొనేసింది.

మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం నేను కొట్టులో మునక్కాయలు ఏరుకుంటున్నాను. అప్పటికి ఆవిడ పట్టీ చుట్టుకోవడానికి బాగా అలవాటుపడింది. కుర్తా కింద ఉందని తెలిసిన నాకే కనబడేది కాదు. సరుకు కొత్తగా వచ్చింది. కౌంటర్ వెనక నేల మీద ఉన్న బియ్యం బస్తాని ఛాయ వంగి లాగుతోంది. ఆరుష్ అనే పిల్లాడు, నిజామాబాద్ వాడు, మాస్టర్స్ చదువుతున్నాడు, కొత్తిమీర కట్ట పట్టుకుని వచ్చాడు. చూసి, చొరవగా కౌంటర్ వెనక్కి వెళ్ళాడు.

"ఆగుండ్రి ఆంటీ, నేను లేపుతా" అన్నాడు.

ఛాయ గిరుక్కున తిరిగింది. ఎడమచెయ్యి కుర్తా అంచు పైకి ఎత్తింది, కుడిచెయ్యి పిడి మీద ఉంది. తియ్యలేదు. అంతే, అక్కడే ఆగిపోయింది. పిల్లాడు పిడిని చూశాడు. కొత్తిమీరతో సహా రెండు చేతులూ పైకెత్తేశాడు. ఎవరూ చెప్పకుండానే ఎత్తాడు.

"సారీ ఆంటీ. సారీ" అన్నాడు.

ఛాయ కుర్తా కిందికి దించుకుంది. పిల్లాడు వెనక్కి వెనక్కి నడిచి, కొత్తిమీర కౌంటర్ మీద పెట్టేసి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను మునక్కాయలు వదిలేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

"వాడేనంటావా?" అని అడిగాను, గొంతు తగ్గించి. అడిగినందుకు ఆ క్షణమే నా మీద నాకే అసహ్యం వేసింది. నిన్నటిదాకా ఆ పిల్లాణ్ణి నోరారా బాబూ అని పిలిచినదాన్ని.

"తెలీదక్కా. పిలుపు వినబడగానే చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది." నీళ్ళు ఒక గుక్క తాగింది. తలుపు వైపే చూస్తూ, చాలా మామూలుగా, ధరల బోర్డు మార్చడం గురించి అడిగినట్టు అడిగింది.

"పిల్లలకి చెప్పెయ్యనా, నన్ను ఆంటీ అని పిలవొద్దని? మేడమ్ అనమంటే సరిపోతుందా?"