చేపలకు గాలి పోసిన సాయంత్రాలు

మా చిన్నప్పుడు... మదనపల్లెలో కరెంటు పోతే వీధిలో అందరూ విసనకర్రల కోసం వెతుక్కునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం చెంబుల కోసం వెతుక్కునేవాళ్ళం.

నవ్వకండి... చెప్తాను.

ఎనభైల మొదట్లో మా చిన్నాయన బెంగళూరు నుంచి ఒక గాజు తొట్టి, కొన్ని ఎర్రచేపలు, చిన్న గాలి మోటారు తెచ్చి మా వసారాలో పెట్టిపోయాడు. స్విచ్చి వేస్తే సన్నటి ట్యూబులోంచి బుడబుడమని బుడగలు... వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. ఒకావిడ చేపలకని చేటలో బొరుగులు కూడా తెచ్చింది. అవి తినగా మిగిలింది నీళ్ళలో కుళ్ళిపోతుందని చెప్పి ఆమెను ఆపేసరికి మా నాయనకు తాతలు దిగొచ్చారు.

తేవడం తేలికే... బతికించుకోవడమే కష్టం. నెల తిరక్కముందే ఒక శుక్రవారం మా అమ్మ ఇల్లు కడుగుతూ కడుగుతూ తొట్టిని కూడా వదల్లేదు. ఉన్న నీళ్ళన్నీ పారబోసి, గాజును సీకాయపొడితో తళతళలాడేట్టు తోమి, అప్పుడే కొళాయిలో వచ్చిన నీళ్ళు పట్టి పోసింది. ఆ నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంటోంది. సాయంత్రానికి రెండు చేపలు వెల్లకిలా తేలాయి. పాపం అమ్మ... బిందె తోమినట్టే తోమింది, అంతకంటే ఆమెకేం తెలుసు?

నాయన వచ్చి వాటిని చూశాడు. అన్నం ముందు కూర్చుని, కలిపి, అలాగే లేచిపోయాడు.

"చేపలకు ఊపిరాడకపోతే ఈయప్పకు కూడు దిగదంట, సూడు," అని అమ్మ నాతో గొణిగింది గానీ, ఆమె కూడా ఆ పూట తినలేదు.

నాయన అంతే... కోపమొచ్చినా, సంతోషమొచ్చినా మాట బయటికి రాదు. పుంగనూరులో ఆఫీసు. పొద్దున బస్సుకు పోతే సాయంత్రం బస్సుకు రావడం, పేపరు, అన్నం, నిద్ర. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, నేను పుస్తకం తెరిచేసేదాన్ని. తొమ్మిదేళ్ళొచ్చేదాకా నాయన నాతో నిండా నాలుగు ముక్కలు మాట్లాడిన గుర్తు లేదు నాకు.

ఆ శుక్రవారం నుంచి తొట్టి పని నాయనది, చేతిసాయం నాది. కొళాయి నీళ్ళు గంగాళంలో పట్టి, మూత పెట్టకుండా ఒక రోజు ఉంచి, వాసన పోయాకే వాడాలి. తొట్టిలోంచి కొంచెమే తీయాలి, కొంచెమే పోయాలి. తీసినవి కరివేపాకు చెట్టుకు... ఎండలు ముదిరితే తొట్టి చుట్టూ తడిగుడ్డ. మనుషులకే నీళ్ళు చాలని ఊళ్ళో చేపలకు ఇంత సేవా అని అమ్మ దీర్ఘాలు తీసేది.

అసలు కథ కరెంటుది. ఎండాకాలంలో సరిగ్గా నాయన ఇంటికొచ్చే వేళకే పోయేది. బుడగలు ఆగిపోయేవి. కాసేపటికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేసేవి. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి నిలవదని నాయన చెప్పాడు. అప్పుడు మేమిద్దరం తొట్టికి చెరో పక్కన కూర్చుని, చెంబుతో అందులో నీళ్ళే ముంచి, పైకెత్తి, ధారగా మళ్ళీ అందులోకే పోయాలి... టీ అంగట్లో టీ తిరగబోసినట్టు. ఆ ధారతో పాటే గాలి లోపలికి పోతుంది. ఒకరి చెయ్యి నొప్పెడితే ఇంకొకరు.

విచిత్రమేమిటంటే, చెయ్యి ఆడుతుంటే మా నాయనకు నోరు కూడా ఆడేది! ఎక్కడ దాచుకున్నాడో ఆ మాటలన్నీ... కుప్పం పక్కన వాళ్ళ పల్లె. వాన పడితే వంకలో తువ్వాలు పరిచి చేపపిల్లల్ని పట్టడం. బడి ఎగ్గొట్టి రైలు చూడ్డానికి స్టేషనుకు నడిచిపోవడం. వాళ్ళమ్మ ఆయన చిన్నప్పుడే పోయిందని, మొహం గుర్తు లేదు గానీ తల దువ్విన చెయ్యి గుర్తుందని... అది కూడా ఆ తొట్టి దగ్గరే చెప్పాడు. ఇంతలో లైటు వెలిగేది. మాట మధ్యలోనే చెంబు కింద పెట్టి, లేచి పేపరు అందుకునేవాడు.

ఊరంతా కరెంటు రావాలని కోరుకుంటుంటే, నేనేమో అది పోవాలని దేవుడికి మొక్కుకునేదాన్ని. నిజం.

మరుసటి ఎండాకాలం చిన్నాయన వచ్చి మా అవస్థ చూశాడు. మట్టి కడవకు అడుగున చిల్లి పెట్టి, సన్న గొట్టం బిగించి, తొట్టికి పైన వేలాడదీశాడు. కరెంటు పోగానే తొట్టి నీళ్ళు కొన్ని ఆ కడవలో పోస్తే చాలు, అవే ఎత్తు నుంచి చుక్కచుక్కగా పడుతుంటాయి.

"ఇంగ మీరు చెంబు పట్టుకోని కూర్చునే పని లేదన్నా," అన్నాడు.

అమ్మ తెగ మెచ్చుకుంది. నాయన తలాడించాడు. నాకు మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. ఎందుకే అని అమ్మ అడిగితే ఏం చెప్పను? చేపలు బాగుంటాయని ఏడుస్తున్నానని చెప్పనా?

మర్నాడు సాయంత్రం కరెంటు పోయింది. కడవ నేనే నింపాను. చుక్కలు టపటపా పడుతున్నాయి. చేపలు హాయిగా తిరుగుతున్నాయి, ఒక్కటి కూడా పైకి రాలేదు. నాయన అరుగు మీద, మిగిలిన వెలుతురులో పేపరు చదువుకుంటున్నాడు. నేను తొట్టి పక్కన ఊరికే కూర్చున్నాను. ఆయన రాడని తెలుసు... అయినా లేవబుద్ధి కాలేదు.

కాసేపటికి పేపరు మడిచిన చప్పుడయింది. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"చెంబు యాడ పెట్టినావు పాపా?"

కడవ పోస్తోంది కదా, మనం పోయక్కర్లేదు కదా అన్నాను. ఆయన కడవ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"అది నీళ్ళయితే పోస్తాది లే... దానికి మాటలు రావు గదా."

ఆ సాయంత్రం కడవా పోసింది, మేమూ పోశాం. కరెంటు వచ్చాక కూడా చాలాసేపు పోశాం.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మా ఇంట్లోనూ అక్వేరియం ఉంది... ఫిల్టరు, మోటారు, కరెంటు పోతే రెప్పపాటులో అందుకునే ఇన్వర్టరు. చేపలకు ఏ లోటూ లేదు. ఎవరూ వాటి పక్కన కూర్చోవాల్సిన అవసరమే రాదు. ఎవరి గదిలో వాళ్ళం, ఎవరి ఫోనులో వాళ్ళం. ఒక్కోసారి ఆ ఇన్వర్టరు పీకి అవతల పారేయాలనిపిస్తుంది. పారేస్తే మాత్రం... నా ఎదురుగా వచ్చి కూర్చునేదెవరు?

మీ ఇంట్లో కరెంటు పోయినప్పుడు మీ పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు?... ఏం చెప్పేవాళ్ళు?