విరిగినట్టు కట్టిన బురుజు

పొద్దున లేవగానే మొగుణ్ణి గోడ మీంచి దిగమని తిట్టడం సారలమ్మకు పదమూడేళ్ల అలవాటు. మొహం కడగడు, టీ తాగడు, గోడ నిలువు చూసే, దారానికి కట్టిన ఇనుప గుండు పట్టుకుని నిచ్చెనెక్కుతాడు. టీ మూడుసార్లు వేడిచేశాక దిగుతాడు. ఇప్పుడు ఒక్కసారే కాచుకుని వేడిగానే తాగుతోంది. నోరు కాలుతోంది కానీ, తిడదామంటే మనిషి లేడు.

ఆ మొగుడు రామనర్సయ్య, తెలుగూ హిందీ కలిసిపోయే సరిహద్దు ఊరు భోపాల్‌పట్నంలో మేస్త్రి. ఊళ్లో సగం గోడలు అతనివే. వంకరగా ఉన్నవి మాత్రం నావి కావనేవాడు. తన ఇల్లు కట్టడానికి పదమూడేళ్లు పట్టింది, అదైనా పూర్తయిందో లేదో ఎవరికీ తెలియదు. దీనంతటికీ కారణం ఎరువుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్. దాని మీద జర్మనీ దేశపు కోట ఒకటి ఉంది. డిసెంబరు దాటినా దాన్ని గోడ మీంచి తీయనివ్వలేదు.

ఆ కోట కింద మొరటు రాయి, మధ్యలో ఎర్ర ఇటుక, పైన నల్లటి కప్పు, ఒక మూల బురుజు. ఇదేంది బొంత కుట్టినట్టుందని బడిలో చెప్పే బుధ్రాం గురూజీని అడిగితే, ఆయన ఫోన్లో వెతికి హిందీలో చదివి వినిపించాడు. మొదట ఒక దొర శత్రువులు ఎక్కకుండా గుట్ట మీద రాయితో కట్టాడట. రెండొందల ఏళ్లకు ఆయన వంశంవాళ్లు ఇటుకతో పెద్ద సావడి వేశారట. తర్వాత వచ్చినవాడికి శత్రువులు లేరు, డబ్బుంది. వాడు కిటికీలూ, సూదిలాంటి కప్పులూ పెట్టించి చుట్టాలకు చూపించుకున్నాడట.

రామనర్సయ్యకు ఇది తెగ నచ్చింది. వాళ్ల మూడు తరాల పని తానొక్కడే చేద్దామనుకున్నాడు. కింద ఇంద్రావతి నది ఒడ్డు రాయి, మధ్యలో పనుల్లో మిగిలిన ఇటుక, పైన రేకులు. పెళ్లాం వంటిల్లు ఏదని అడిగితే, అది తర్వాతి రాజు కడతాడన్నాడు. ఆ రాజు రావడానికి ఐదేళ్లు పట్టింది. అప్పటిదాకా ఆ రాణి వాకిట్లో పొగలో వండింది.

చివరికి బురుజు లేపాడు. బొమ్మలో ఎలా ఉందో అలాగే, నెత్తి ఏటవాలుగా విరిగినట్టు కట్టాడు. ఆ దేశంలో అదో కట్టుబడి తీరు అనుకున్నాడు. బొమ్మలో విరుగు మీద గడ్డి మొలిచిందని తట్టెడు మట్టి మోసి గడ్డి కూడా నాటాడు. అంతా అయ్యాక గురూజీ వచ్చి చూసి, అది తీరు కాదయ్యా, యుద్ధంలో మందుగుండు పెట్టి పేల్చేశారు, మళ్లీ కట్టేవాళ్లు లేక వదిలేశారు అన్నాడు.

"వాళ్లకు ఇరగ్గొట్టేటోడు బయట నుంచి వచ్చిండు. నాకు అది కూడ నేనే కట్టుకోవల్సొచ్చె. ఇరిగినట్టు కట్టుడు ఎంత కష్టమో ఆ దొరలకేం ఎరుక?" అని రామనర్సయ్య ఆ పూట రెండింతలు అన్నం తిన్నాడు.

పోయిన వానల్లో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. మంచంలోనే పోయాడు. కానీ తర్లగూడ నుంచి పరామర్శకు వచ్చినవాళ్లు ఆ మొండి బురుజు చూసి, దాని మీంచే పడ్డాడని తేల్చేసుకుని, ఏ ఎముక ఎక్కడ విరిగిందో కూడా చెప్పుకుంటూ బస్సెక్కారు. సారలమ్మ కాదనలేదు. నోరు తెరిస్తే ఏడుపొస్తుంది, ఏడిస్తే వాళ్లు ఇంకో పూట కూర్చుంటారు.

ఇప్పుడు సంవత్సరీకం వారంలోకి వచ్చింది. మరిది చిన్నారావు కూడా మేస్త్రే. మొండిగోడ ఉన్న ఇల్లు అచ్చిరాదని, చుట్టాలు వచ్చేలోపు బురుజు నెత్తి సరిచేస్తానని ట్రాక్టర్‌లో ఇటుక తెచ్చి వాకిట్లో దించాడు. చెడ్డవాడు కాదు. అన్న చేసిన తప్పు దిద్దాలని అతని ఆరాటం.

"తప్పేం లేదు చిన్నారావు. మీ అన్న కట్టిందే అట్ల" అంది సారలమ్మ.

"ఊరంత నవ్వుతున్నరు, వదినా."

"ఆయనున్నప్పుడు గూడ నవ్విండ్రు. ఆయనతోని కలిసి నేను గూడ నవ్విన. ఇప్పుడు అది గూడ సరిచేస్తే నాకేం మిగుల్తది?"

దుఃఖంలో ఉన్న మనిషి మాటలే అని చిన్నారావు పక్కన పెట్టేశాడు. పొద్దుగూకేలోపు ఇటుకలన్నీ తొట్టిలో నానబెట్టమన్నాడు. పొడి ఇటుక సిమెంటులో నీళ్లన్నీ తాగేస్తుందని, గోడను గట్టిపడనివ్వదని మేస్త్రి పెళ్లానికే పాఠం చెప్పి, తెల్లారి వస్తానని బండి తీశాడు.

సారలమ్మ పప్పు ఏరింది. ఇటుకల కుప్ప చుట్టూ తిరిగి వాకిలి ఊడ్చింది. తర్వాత తొట్టి దగ్గర చేరి, నెల రోజులుగా మూటకట్టి పడేసిన దుప్పట్లన్నీ ఆ నీళ్లతోనే ఉతికింది. చివరి రెండు చెంబులతో కాళ్లు కడుక్కుంది. తొట్టి అడుగు కనిపించింది. ఇటుకల మీద మాత్రం ఒక్క చుక్క పడనివ్వలేదు.