రెండూ ఎడమ వైపులే

మొన్న పక్కింట్లో పాప పుట్టినరోజు చేశారు. కేకు మీద వచ్చిన ప్లాస్టిక్ మూతను ఆ ఇంటి పెద్దమ్మాయి చెత్తలో వేయబోతుంటే, నాకు తెలియకుండానే చేయి చాపి అడిగి తీసుకున్నాను. గుండ్రంగా ఉబ్బి, ఒక్క మచ్చ లేకుండా అద్దంలా ఉంది. "గిదెందుకు పెద్దమ్మా?" అని అడిగింది ఆ పిల్ల. బొమ్మ విమానానికి పైలట్ కూర్చునే చోట పెట్టే బొటనవేలంత మూత, అటువంటిది ఒక్కటి సరిగ్గా రావడానికి, నేనూ మా ఆయనా ఎన్ని ఆదివారాలు పొయ్యి ముందు కూర్చున్నామో ఎట్లా చెప్పను?

మా ఆయన భూపాలపల్లి బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. పుట్టింది కాటారం దగ్గర పల్లెలో. నేను పెళ్లయి కొత్తగా తరిగొప్పుల నుంచి గని క్వార్టరుకు వచ్చి ఆయన పెట్టె తెరిస్తే, బట్టల కంటే చెక్క విమానాలే ఎక్కువ కనిపించాయి. కొంత భయం వేసింది, కొంత నవ్వూ వచ్చింది. చెక్కవి బరువుగా ఉన్నాయని ఆయనకు తృప్తి లేదు. అసలు విమానంలా పలచటి ఒళ్లు కావాలి. అందుకని టేకు ముక్కను, ముక్కు నుంచి తోక దాకా నిలువునా చీల్చిన సగం విమానం ఆకారంలో అచ్చుగా చెక్కి, సన్నటి రంధ్రాలు పొడిచిన పెట్టె మీద పెట్టి, బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు ఇచ్చిపోయిన దుమ్ము పీల్చే మిషను గొట్టాన్ని ఆ పెట్టెకు బిగించేవారు. ప్లాస్టిక్ షీటును వేడి చేయడం నా పని. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, చుట్టలు చుట్టలుగా ఎర్రబడే కాయిల్ పొయ్యి. షీటు బిగించిన చట్రాన్ని దాని మీద పట్టుకుంటే, షీటు మొదట ముడతలు పడి, తర్వాత బిగిసి, ఆపైన తడిచీరలా నడుమ జారుతుంది. సరిగ్గా అప్పుడు నేను చట్రాన్ని అచ్చు మీదికి దించాలి, ఆయన మిషను వేయాలి. లోపలి గాలంతా లాగేసి షీటు అచ్చును చర్మంలా కరుచుకునేది. తొందరపడితే మడతలు, ఆలస్యమైతే చిల్లులు. ఎడమ సగానికొక అచ్చు, కుడి సగానికొక అచ్చు; రెండు సగాలూ అతికిస్తేనే విమానం.

మాకు పిల్లలు కలగలేదు. దవాఖానల చుట్టూ తిరిగి, చుట్టాల పరామర్శలకు జవాబు చెప్పలేక, ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం కూడా మానేసిన ఏళ్లున్నాయి. అప్పుడు కూడా ఆదివారం వస్తే ఆ పొయ్యి ముందు కూర్చునేవాళ్లం. షీటు జారిందా లేదా అన్న మాటతోనే మా మధ్య మళ్లీ మాటలు మొదలయ్యేవి.

రిటైరై జనగామలో చిన్న ఇల్లు కట్టుకున్నాక, పట్నం పోయి ఒక్కసారైనా విమానం ఎక్కి వద్దామని అడిగాను. "ఎక్కితె ఏం గనపడ్తదే, రెక్క తప్ప? కింద నిలవడితెనే విమానం మొత్తం గనపడ్తది" అని నవ్వేశారు.

చివరగా మొదలుపెట్టింది రెండు పంకాల పాతకాలపు విమానం. ఎడమ సగం ఒక్క మడత లేకుండా వచ్చింది. కుడి సగానికి టేకు ముక్క మీద పెన్సిల్‌తో గీత గీసి, రేపు చెక్కుతానన్నారు. మర్నాడు పొద్దున నీళ్లు తోడుకుంటూ ఛాతీ పట్టుకొని కూలబడ్డారు. దవాఖానకు చేరేసరికే అంతా అయిపోయింది.

మహబూబాబాద్ నుంచి మా ఆడబిడ్డ వచ్చి నాకు తోడుగా ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే, మిగిలిన సగం నేనే లాగుదామని అటక మీంచి పొయ్యి దించాను. రెండు చేతులూ చట్రానికే కావాలి కనుక, మిషను స్విచ్చు నేల మీద పెట్టి కాలి వేలితో నొక్కాను. ఒకటి రెండు షీట్లు చిల్లులు పడ్డా, తర్వాతది చక్కగా వచ్చింది. కత్తిరించి ఆయన చేసిన సగం పక్కన పెట్టాను. రెండింటి ముక్కులూ ఒకే దిక్కుకు చూస్తున్నాయి. లోపలి వైపులు కలిసేలా ఒకదాన్ని తిప్పితే దాని ముక్కు రెండోదాని తోక దగ్గరికి పోతోంది. ఎడమ అచ్చు మీద ఎన్నిసార్లు లాగినా ఎడమ సగమే వస్తుంది కదా. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నదాన్ని, నాకది తెలియక కాదు, దుఃఖంలో తట్టలేదు.

ఆడబిడ్డ లేచి వచ్చింది. "ఏంది వదినా, గింత ఎండల పొయ్యి ముందల కూసున్నవ్?"

"జత కలుస్తలేదు" అన్నాను.

ఆమె రెండు ముక్కలూ చేతిలోకి తీసుకొని తడిమి చూసింది. "గిండ్ల అన్న చేసింది ఏది, నువ్వు చేసింది ఏది? నాకైతె తెలుస్తలేదు" అంది. ఆయనను సాగనంపిన రోజు కూడా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆమె పొయ్యి ఆర్పి, నా తల తన ఒడిలోకి తీసుకుంది.

మంచి వడ్రంగికి ఇస్తే కుడి అచ్చు చెక్కి ఇస్తాడని తెలిసినవాళ్లు చెబుతున్నారు. ఇవ్వడానికి మనసు రావడం లేదు. ఇప్పుడు విమానం నమూనాలు ముక్కలన్నీ సిద్ధంగా డబ్బాల్లో వస్తున్నాయట, గీసిన బొమ్మను ఇంట్లోనే పోతపోసే యంత్రాలూ వచ్చాయట. ఎవరి సాయమూ అక్కర్లేకుండా ఒక్కరే చేసుకోవచ్చు. మంచిదే, కాదనను. మా పనికి నాలుగు చేతులు కావలసి వచ్చేది. అలిగినా, విసిగినా, మనసు విరిగినా, ఆదివారం పొద్దున ఒకరినొకరం పిలవక తప్పేది కాదు.