యాభై ప్రైమర్లు

మంగళవారం పొద్దున ప్లేనోలో ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయి పోయాడురా. కాఫీ కలిపి తెచ్చేలోపే," అంది. ఆయన చేసిన ఫోన్లు ఎత్తని నేను, ఆ ఫోన్ మొదటి రింగుకే ఎత్తాను.

బాబాయి మా నాన్న తమ్ముడు. ముప్పై ఏళ్ళు టెక్సాస్ మెషీన్ షాపుల్లో లేతు మీద పనిచేసి రిటైరయ్యాడు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఎందుకున్నావని గానీ, ఎప్పుడు వెళ్తావని గానీ అడగలేదు.

ఆయన దగ్గర పాతకాలపు నమూనా లివర్ రైఫిల్ ఒకటుండేది, కింది పిడి లాగి తోస్తే తర్వాతి తూటా ఎక్కేది. దానికి తూటాలు కొనేవాడు కాదు. కాల్చిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, కడిగి, గ్యారేజీలో మళ్ళీ నింపుకునేవాడు. తుపాకీమందు పోసే ముందు తొడుగు అడుగున, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న బిళ్ళలాంటి ప్రైమర్ నొక్కాలి. అది అంచుకంటే వెంట్రుకవాసి లోపలికి కూర్చోవాలి. ఆ రైఫిల్‌లో తూటాలు దాచే గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పైకి తేలిన ప్రైమర్‌కి వెనకదాని మొన తగిలితే గొట్టంలోనే పేలొచ్చు.

"కంటితో కాదురా, వేలితో చూడు. కన్ను మొహమాటపడుతుంది," అనేవాడు.

షుగర్ వల్ల ఆయన వేళ్ళ కొసలు మొద్దుబారాయి. వేడి గ్లాసు పట్టుకుని, బొబ్బ లేచేదాకా తెలుసుకోలేకపోయాడు. పిన్నికి చెప్పలేదు. ఆయన పోటీల్లో కాల్చే షూటింగ్ క్లబ్బులో చెప్తే రైఫిల్ పట్టనివ్వరని భయం. నాకే చెప్పాడు.

"శనివారం శనివారం ఓ గంట రా. నేను నొక్కుతా, నువ్వు తడిమి చెప్పు."

"మానెయ్యొచ్చుగా బాబాయ్?"

"మానేసి ఏం చెయ్యను? మీ పిన్ని పక్కన కూర్చుని సీరియల్ చూడనా?" నవ్వాడు గానీ, నా చెయ్యి వదల్లేదు.

రెండేళ్ళు వెళ్ళాను. రెండో ఏడు వేసవిలో, నేను బాగుందన్న తూటా ఒకటి క్లబ్బు రేంజ్‌లో కాల్చబోతుంటే ఇరుక్కుని లివర్ సగంలో ఆగిపోయింది. బాబాయి దాన్ని మెల్లగా బయటికి తీసి, నా వేలు దాని మీద పెట్టాడు. ప్రైమర్ పైకి తేలి ఉంది.

"ఫోన్ చూస్తూ తడిమావా?" అన్నాడు. అంతే.

నిజమే. ఆఫీస్‌లో లేఆఫ్‌లు నడుస్తున్నాయి. వీసా గురించి లాయర్ మెయిల్ కోసం చూస్తున్నాను.

ఆ తర్వాత వెళ్ళలేదు. ఆయన ముఖం పక్కన పేలే వస్తువుకి నా వేలు పూచీ అంటే భయం పట్టుకుంది. ఇంటర్వ్యూలున్నాయని అబద్ధం చెప్పాను. వాయిస్‌మెయిల్ పెట్టాడు: "ఒరేయ్, యాభై నొక్కి ఉంచాను. నువ్వు తడిమితే మందు పోద్దాం." వారం తర్వాత మరొకటి: "పోటీ ఆదివారంరా. ఈ ఒక్కసారికి రా. గంట చాలు." మూడోదాంట్లో ఆయన ఊపిరి తప్ప మాటల్లేవు.

ఆదివారం పోటీకి వెళ్ళలేదట. మంగళవారం పోయాడు.

కర్మ అయ్యాక పిన్ని గ్యారేజీ తాళం చేతిలో పెట్టింది. "అవేంటో నువ్వే చూడు. నువ్వొస్తావని నన్ను ముట్టుకోనివ్వలేదు."

చెక్క దిమ్మలో యాభై తొడుగులు బోర్లా నిలబెట్టి ఉన్నాయి, ప్రైమర్లున్న అడుగు పైవైపుకి. బల్ల మీద దుమ్ముంది. నేను కూర్చునే స్టూలు మాత్రం తుడిచి ఉంది.

కూర్చుని ఒక్కొక్కటే తడిమాను. యాభైకి యాభై సరిగ్గా కూర్చున్నాయి.

మళ్ళీ మొదటినుంచి తడిమాను. ఒక్కటైనా వేలికి తగిలితే, పిలిచింది నా వేలి కోసమే అనుకోవచ్చని.