అంచు వదిలిన మడత

"పిల్ల ఆకలికి ఏడుస్తుంటే ఎవరో జాలిపడి చేతిలో బిస్కెట్ పెట్టేస్తే?"

ఇస్త్రీ బల్ల ముందుకొచ్చి ఆమె అడిగిన మొదటి మాట అది. బట్టల మూట ఇంకా చంకలోనే ఉంది. బల్లకి అవతల ఉన్న ముసలాయన ఇస్త్రీ పెట్టెను ఇనుప దిమ్మ మీద ఆనించి, "ఎవరి పిల్లమ్మా?" అన్నాడు.

"మా అమ్మాయే. గురువారం పొద్దున ఎనిమిదికి రాజధాని పెద్దాసుపత్రిలో మత్తిచ్చి కన్ను పరీక్ష చేస్తారు. అంతకుముందు ఆరు గంటలు ఏమీ పెట్టకూడదు. పెడితే ఆ రోజు చెయ్యరు. ఆ రోజు తప్పితే మళ్ళీ నెల తర్వాతే." ఆమె ఊపిరి తీసుకుంది. "మీరు అక్కడ పనిచేశారని మీ చెల్లెలుగారు చెప్పారు."

"రాజధాని ఊసెత్తకమ్మా ఆయన దగ్గర," లోపలి నుంచి చెల్లెలి గొంతు వినపడింది. "కబుర్లలో పడి నీ చీరలు మాడ్చేస్తాడు."

ఆమె హైస్కూల్లో సైన్సు టీచరు. కూతురికి మూడున్నరేళ్ళు. గుండ్రంగా ఉండి, వదిలిన చోట నిలవక దొర్లిపోతుందని ఇంటిల్లిపాదీ బఠాణీ అంటారు. పది రోజుల క్రితం తీసిన ఫోటోలో బఠాణీ ఎడమ కంటిపాప తెల్లగా మెరిసింది. ఊళ్లో కళ్ళ డాక్టరు లైటు వేసి చూశాడు. లైటు ఆర్పాడు. తర్వాత గడ్డ అన్నాడు. ఒక కణం రెండై, రెండు నాలుగయ్యే లెక్క ఆమె నల్లబల్ల మీద ఏటేటా వేసి చూపించేదే. ఇప్పుడు గిన్నెలు కడుగుతున్నా ఆ లెక్క తలలో నడుస్తూనే ఉంది. నెలంటే ఎన్ని రెట్లో కట్టబోయి ప్రతిసారీ మధ్యలో ఆపేస్తోంది.

ఆమెకి చేతనైంది ఒక్కటే, ప్రయాణం ప్లాను రాయడం. గళ్ళ కాగితాల మీద ఆరు పేజీలు నింపింది. రైలు దిగే నిమిషం, మెట్రో ఎక్కే నిమిషం, పిల్లకి చివరి గుక్క నీళ్ళు తాగించే నిమిషం. భర్త అది చదివి, "ఇందులో నేను తుమ్మడానికి టైమెక్కడ పెట్టావ్?" అన్నాడు. ఆమె నవ్వలేదు. ఆయనా నవ్వించాలని అనలేదు. ఏదో ఒకటి అనకపోతే ఏడుపొస్తుందని అన్నాడు.

ముసలాయన్ని వీధంతా మడత మామ అంటుంది. పంతొమ్మిదో ఏట ఆ ఆసుపత్రి లాండ్రీలో బండి తోసే పనికి చేరి ముప్పై నాలుగేళ్ళు అక్కడే గడిపాడు. మొదట మాసిన దుప్పట్ల బండి, తర్వాత గుడ్డలు ఉడకబెట్టే గది, చివరికి ఆపరేషన్ గుడ్డలు మడిచే బల్ల. భార్య పోయాక, సముద్రపు గాలి పడటం లేదన్న వంకతో వచ్చి చెల్లెలి వసారాలో బల్ల వేసుకున్నాడు. రాజధాని అనగానే అందరూ కోట గురించీ అద్దాల మేడల గురించీ చెబుతారు. ఆయనకి ఆ ఊరు బండి చక్రాల ఎత్తు నుంచి తెలుసు. ఎక్కడ రాయి లేచి చక్రాన్ని పట్టేస్తుందో, ఏ సందులో మధ్యాహ్నం కూడా నీడ ఉంటుందో చెబుతాడు.

"నాలుగొందల ఏళ్ళ కోట గోడమ్మా అది. దాని కిందినుంచి ఇప్పుడు మెట్రో పోతోందట. ఆ గోడ చుట్టూ బండి తోయలేక నేను తిట్టిన తిట్లకే కూలిపోవాల్సింది. కూలలేదు."

"మామా, బిస్కెట్ సంగతి."

"ఆ." ఆయన బల్ల కింద నుంచి ఒక తెల్ల గుడ్డముక్క తీసి చించి, నాలుగంచులూ లోపలికి మడిచి పెట్టెతో నొక్కాడు. "'నాకేమీ పెట్టకండి, ఆపరేషన్ ఉంది' అని పెద్దక్షరాలతో రాయి. గౌను వీపు మీద కుట్టు. మా దగ్గర పిల్లల వార్డుకి ఇలాంటివి డజన్లు తయారు చేసేవాళ్ళం. జాలిపడేవాళ్ళు ఎప్పుడూ వెనకనుంచే వస్తారు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. పది రోజుల్లో ఒక భయానికి జవాబు దొరకడం అదే మొదటిసారి. ధైర్యం వచ్చి ఆరు పేజీలూ బల్ల మీద పరిచింది. ఆయన వేలు పెట్టి ఒక్కో గీతా చదివాడు. రెండో పేజీలో వేలు ఆగింది.

"కోట మెట్లు నాలుగు నిమిషాల్లోనా? నూట పద్దెనిమిదున్నాయి టీచరమ్మా. చంకలో పిల్ల. మీ ఆయన ఎగురుతాడా?"

"దూరం మ్యాపులో కొలిచాను."

"మ్యాపులో మెట్లుండవుగా."

నాలుగో పేజీలో వేలు మళ్ళీ ఆగింది. వంతెన, ఏడూ ఇరవై నుంచి ఏడున్నర.

"ఈ వంతెన లేస్తుందని తెలుసా?"

తెలుసు. పాత రేవుకీ ఆసుపత్రికీ మధ్య ఉన్న వంతెన అది. పెద్ద ఓడలు నిండు పోటు మీదే లోపలికొస్తాయి. అవి వచ్చినప్పుడు వంతెన రెండుగా విడిపోయి పైకి లేస్తుంది. దిగేసరికి గంట. తోటి టీచరు ఇచ్చిన వంతెన వేళల కరపత్రాన్ని ఆమె ధీమాగా చూపించింది. "ఇదిగో, తెల్లారగట్ల నాలుగింటి నుంచి ఐదింటి దాకా, నిండు పోటు నాలుగూ ఇరవైకి. మేం వెళ్ళేసరికి దిగిపోయి ఉంటుంది."

"ఇది ఏ రోజుది?"

ఆమె కరపత్రం తిప్పి చూసింది. పై మూలన చిన్న అక్షరాల్లో ఉంది. ఆదివారం.

"మీరు వెళ్ళేది గురువారం. సముద్రం మన గోడ గడియారం చూసుకుని రాదమ్మా. రోజుకి ముప్పావు గంటకి పైనే ఆలస్యంగా వస్తుంది."

ఆమె ఎనిమిదేళ్ళుగా పదో తరగతికి ఆటుపోట్ల పాఠం చెబుతోంది. చంద్రుడి బొమ్మ వేసి, రోజుకి యాభై నిమిషాలు అని కింద గీత గీయిస్తుంది. పరీక్షలో అది రాయనివాళ్ళకి సగం మార్కు కోస్తుంది. సముద్రానికి ఒక పగలంతా ప్రయాణం చేయాల్సినంత దూరంలో పుట్టి పెరిగింది. ఆ యాభై నిమిషాలు ఎప్పుడైనా ఒక వంతెనని ఎత్తుతాయని తోచలేదు. కాగితం అంచున కలం పెట్టి నాలుగు రోజులకి కలిపింది. నాలుగూ ఇరవై, ఏడూ నలభై అయింది. నిండు పోటు. వాళ్ళు ఇవతలి గట్టున నిలబడి ఉండగా ఎనిమిది కొట్టేస్తుంది.

"అదొక్కటే రైలు మామా." "ఇంకేం చెయ్యను?"

"ముందు రోజు వెళ్ళండి. కానీ ఇవతల దిగొద్దు. వంతెన దాటి అవతల పడుకోండి." ఆయన ఫోను తీసి, ఆసుపత్రి లాండ్రీలో తమకి గుడ్డలు కుట్టిన అక్కకి చేశాడు. ఆమె ఉండేది వంతెన అవతలే. అవతలి గొంతు వసారా అంతా వినపడింది.

"బతికే ఉన్నావా మడతా? చచ్చావేమో అనుకుని రెండుసార్లు ఏడ్చాను."

"మూడోసారి నిజంగా ఏడుద్దువుగాని. ఒక గది కావాలి. చిన్నపిల్ల ఉంది, మత్తు పరీక్ష."

"పంపించు. నువ్వు మాత్రం రాకు, నీ కబుర్లతో పిల్లకి నిద్ర పట్టదు."

మర్నాడు ఆమె కొత్త ప్లానుతో వచ్చింది. ఎనిమిది పేజీలయ్యాయి. బుధవారం కూడా నిమిషాలతో నిండిపోయింది. మామ చదివి ఈసారి వెక్కిరించలేదు. ఒక దుప్పటి తీసి బల్ల మీద పరిచి చకచకా మడిచాడు. ఇటుకలా గట్టిగా వచ్చింది. పై అంచు మాత్రం జానెడు బయటికి వదిలేశాడు.

"ఆపరేషన్ గుడ్డ ఇలా మడుస్తాం. అంచులన్నీ లోపలికి దోపితే చూడ్డానికి బాగుంటుంది. నేను కొత్తలో అలాగే దోపేవాణ్ణి. ఒకరోజు నర్సమ్మ వచ్చి ఆ మడత నా మొహాన కొట్టింది. గాభరాలో దాన్ని విప్పడానికి కొస దొరకలేదట." ఎనిమిది పేజీల్నీ ఆమె వైపు తోశాడు. "దీన్లో కొస ఏదీ?"

ఆమె ఇష్టం లేకుండానే బుధవారం సాయంత్రం నాలుగు నుంచి ఐదు కొట్టేసి ఖాళీగా వదిలింది.

ఆ ఖాళీ గంటలో వాళ్ళు గదికి ఎదురుగా సముద్రం గోడ మీద కూర్చున్నారు. వెనక కోట, పక్కన అద్దాల మేడలు, ముందంతా నీళ్ళు. చేతిలో ఏ పనీ లేక ఆమె కొంగు అంచు మడుస్తూ, విప్పుతూ ఉంది. బఠాణీ ఒక కన్ను మూసుకుని, తెరుచుకుని ఆడుకుంటోంది. కుడికన్ను మూసినప్పుడు, "సముద్రం పోయింది," అంది. తెరిచి, "వచ్చింది," అంది. భర్త లేచి నాలుగడుగులు వేసి అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. ఎడమకంట చూపు లేదని డాక్టరు ఇంకా చెప్పని సంగతి పిల్లే చెప్పేసింది. ఆ గంట లేకపోతే ఆమె దాన్ని మర్నాడు ఆసుపత్రి వరండాలో, ఫారాలు నింపుతూ, నిలబడి వినేది. ఇక్కడ ఏడవడానికి చోటు దొరికింది.

గురువారం పొద్దున ఏడూ ఇరవైకి వంతెన లేచింది. వాళ్ళు ముందు రోజే దాటొచ్చిన గట్టున జనం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఆసుపత్రి గుమ్మంలో ఒక ముసలామె సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి, బఠాణీ వీపు చదివి, మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. ఎనిమిదికి పిల్లని లోపలికి తీసుకెళ్ళారు.

ఎడమకన్ను తీసేయాల్సి వచ్చింది. గడ్డ నరంలోకి పోలేదన్నారు. ఇంకో నెల ఆగి ఉంటే ఆ మాట అనలేకపోయేవాళ్ళమన్నారు. కుడికన్ను ప్రస్తుతానికి బాగుంది. ప్రస్తుతానికి అన్న మాట ఆమె రోజూ నమలుతూనే ఉంది. నాలుగు వారాలకోసారి మత్తిచ్చి చూడాలి. అంటే నాలుగు వారాలకోసారి ప్లాను, పోటు లెక్క, వీపు మీద గుడ్డముక్క.

తిరిగొచ్చాక బల్ల దగ్గరికెళ్ళి అంతా చెప్పింది. మామ చాలాసేపు ఒకే కాలరు మీద పెట్టె నడిపాడు. చెల్లెలు లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఇప్పుడు ఆమె గళ్ళ కాగితం తీసుకున్నప్పుడల్లా రైలు టైము కంటే ముందు ఒక ఖాళీ గడి గీస్తుంది. అందులో ఏమీ రాయదు. ఆ రోజు కాలరు మడిచి పక్కన పెట్టి మడత మామ ఆమెతో అన్నది ఇంతే:

"ఎంత భయమేసినా అంతా లోపలికి దోపెయ్యకు టీచరమ్మా. జానెడు బయటికి వదులు. చెయ్యి వణికేటప్పుడు పట్టుకోడానికి అదొక్కటే దొరుకుతుంది."